మౌన భాగస్వామి రాజీనామా

ఫిబ్రవరి 11, సోమవారం. సెమరాంగ్.

ఈరోజు వాణిజ్య చట్టం క్లాసులో ఒక మాట దొరికింది. సాయంత్రం దాకా దాన్ని పటికబెల్లం ముక్కలా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను.

ఒక సంస్థలో డబ్బు పెట్టి, దాన్ని నడిపే పనిలో మాత్రం వేలు పెట్టని మనిషిని మా పుస్తకంలో 'దియమ్' భాగస్వామి అన్నారు. మౌన భాగస్వామి. దియమ్ అంటే మౌనం. పిల్లలు అల్లరి చేస్తే పెద్దవాళ్ళు "దియమ్!" అని కసురుతారే, అదే. అదే మాటకి 'కాపురం ఉండడం' అని కూడా అర్థం ఉంది. ఇల్లూ మౌనమూ ఒకే మాటలో ఇరుక్కుని ఉన్నాయి. పందొమ్మిదేళ్ళుగా ఈ భాష మాట్లాడుతున్నాను, ఇప్పటిదాకా గమనించనేలేదు.

రెత్నా మేడం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను: మౌన భాగస్వామికి చట్టం ఒక రక్షణ ఇచ్చింది. సంస్థ మునిగితే పెట్టిన డబ్బు పోతుంది, అంతే. అప్పులవాళ్ళు ఇంటి గుమ్మం ఎక్కరు. బదులుగా ఒక షరతు పెట్టింది. సంస్థని నడిపే పనిలో చెయ్యి పెట్టకూడదు. అది ఇరవయ్యో అధికరణ. పెడితే ఇరవై ఒకటి వర్తిస్తుంది, అంటే మొత్తం అప్పుకి సొంత ఆస్తితో సహా బాధ్యులు. సంస్థలోంచి బయటికి వచ్చేసినా, ఉన్నప్పటి అప్పులు మాత్రం వెంట వస్తాయి.

ఎర్ర సిరాతో గీత గీస్తుంటే ఊవా, మా పెద్దమ్మ, గుర్తొచ్చింది. తర్సోనో గారి షటిల్ కాక్‌ల కార్ఖానాలో ఊవా కూడా మౌన భాగస్వామే! మౌనం, మా ఊవా! క్లాసులో నాకొక్కదానికే నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 16, శనివారం. తెగల్.

పొద్దున రైలుకి ఇంటికి వచ్చాను. ఇంట్లో ఊవా లేదు. ఉంటుందని అనుకోనూ లేదు. సంచీ గుమ్మంలో పడేసి కార్ఖానాకి వెళ్ళాను.

అమ్మానాన్నా జకార్తాలో భోజనాల కొట్టు పెట్టుకున్నప్పుడు నాకు నాలుగేళ్ళు. నన్ను పెంచింది అమ్మ వాళ్ళక్క, ఊవా దార్యుమి. పదకొండేళ్ళ క్రితం ఉన్న ఒక్క మడి అమ్మి ఆ డబ్బు ఈ కార్ఖానాలో పెట్టింది. కాగితాల మీద ఆమె చేసింది అంతే. అయితే ఆ మర్నాడు పొద్దున 'నా డబ్బు ఏం చేస్తోందో చూసొస్తా' అని వెళ్ళిన మనిషి ఇప్పటిదాకా తిరిగి రాలేదనే చెప్పాలి.

ఇవాళ వెళ్ళేసరికి చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఈకలు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య దువ్వి రెండు బుట్టల్లోకి వేస్తోంది. ఎడమ రెక్క ఈకలు ఒక బుట్టలోకి, కుడి రెక్కవి రెండో బుట్టలోకి. ఒక కాక్‌కి పదహారు ఈకలు పడతాయి, పదహారూ ఒకే వైపువి కావాలి. ఒక్కటి తేడా వచ్చినా గాలిలో తడబడుతుంది. ఊవా వేళ్ళకి తేడా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్విక్కడ చేతులు పెట్టకూడదట ఊవా. చట్టం ఒప్పుకోదు."

"నేను పెట్టకపోతే ఈకలే లేచి 'నేను ఎడమ, నేను కుడి' అని చెప్పుకుని విడిపోతాయా నోక్? మీ చట్టాన్ని రమ్మను, ఒక బుట్ట ఇస్తాను."

ఊవాకి నేనింకా 'నోక్', చిట్టితల్లినే. పనిచేసే ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను కానీ, వెనక గదిలో మూటలు చూసి నవ్వు ఆగిపోయింది. పైకప్పు దాకా ఉన్నాయి. ఏదో పోటీలకని పెద్ద ఆర్డరు వస్తే, తర్సోనో గారు సిదోఅర్జో నుంచి హాజీ మునాసిర్ దగ్గర బాతు ఈకలన్నీ అరువు మీద తెప్పించారట. ఆర్డరు రద్దయింది. ఈకలు మిగిలాయి. అప్పూ మిగిలింది, నూట ఎనభై మిలియన్ల రూపియాలు. మా ఇల్లు అమ్మితే దాదాపు అంతే వస్తుంది.

ఇంటికొచ్చాక రెండు గంటలు వాదించాను. బయటికి వచ్చెయ్యమన్నాను. నేర్చుకున్న మాటలన్నీ వాడాను.

"వచ్చేసి ఏం చెయ్యను? గోడలకి కబుర్లు చెప్పనా?"

"ఇల్లు పోతే ఆ గోడలు కూడా ఉండవు ఊవా."

ఊవా ఆ గోడని ఒకసారి అరచేత్తో తడిమింది. చివరికి, "చదువుకున్నదానివి. నీకు తెలుస్తుంది" అంది.

ఎంత పొంగిపోయానో ఇక్కడ రాయకపోతే డైరీ ఎందుకు? చాలా పొంగిపోయాను.

ఫిబ్రవరి 17, ఆదివారం.

తర్సోనో గారు పెట్టుబడిలో సగమే తిరిగి ఇవ్వగలనన్నారట. అందుకని రాజీనామా ఉత్తరం మనసు కదిలేలా రాయాలనుకున్నాను. మూడు చిత్తుప్రతులు చించాక నాలుగోది కుదిరింది. అందులో ఈ వాక్యం ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను:

"పదకొండేళ్ళుగా ఆమె వేళ్ళు తాకని ఈక ఒక్కటి కూడా మీ కార్ఖానా గడప దాటలేదు, సరుకు ఎంపిక ఆమెది, బేరం ఆమెది, పనివాళ్ళ కూలి నిర్ణయించే మాట ఆమెది, బోర్డు మీద పేరు మీది, లోపల ఆడే ఊపిరి ఆమెది."

నాలుగుసార్లు 'ఆమెది'. చివరిదానికి ముందు 'మీది'. నాకే ఒళ్ళు ఝల్లుమంది. ఊవా గురించి 'ఆమె' అని నేనిలా రాసి, కింద ఆమే సంతకం పెడితే ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని ఉత్తరం మొదట్లో 'నా చెల్లెలి కూతురి చేతిరాతతో నా మాటగా' అని కలిపాను. అదీ బాగా వచ్చింది.

ఊవాకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది.

"ఇదంతా నేనేనా?"

"నువ్వే."

"ఇన్నేళ్ళలో ఈ ముక్క ఒక్కడూ అనలేదు నోక్" అని, వరసగా అక్షరాలు గుచ్చినట్టు మెల్లగా సంతకం పెట్టింది. ఉత్తరానికి ఒక నకలు రాయించుకుని బీరువాలో బట్టల కింద పెట్టుకుంది.

ఫిబ్రవరి 24, ఆదివారం.

తర్సోనో గారు పొట్లం నిండా వేడివేడి తాహు ఆచి బజ్జీలు పట్టుకుని ఇంటికే వచ్చారు. ఉత్తరం చేతిలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"యూ, ఇది నేను రాసివ్వాల్సిన కాగితం. నువ్వు రాసి పంపే దాకా నాకు తోచలేదు చూడు" అన్నారు. ఊవాని ఆయన యూ, అంటే అక్కా, అనే పిలుస్తారు, వయసులో తనే పెద్దయినా.

"రాసింది నేను కాదు, ఇదిగో, ఈ పిల్ల. నేను సంతకం పెట్టడానికే చెమటలు పట్టాయి."

పెట్టుబడి మొత్తం ఇస్తానన్నారు. లారీ ఒకటి అమ్ముతారట. నా వైపు తిరిగి, "నీ చేతిలో కలం ఉండగా మీ ఊవాకి ఏ దిగులూ లేదమ్మా" అన్నారు.

ఈ వాక్యం కూడా ఎత్తి రాసుకున్నాను.

మార్చి 4, సోమవారం.

క్లాసు మానేసి నోటరీ ఆఫీసుకి వెళ్ళాను. ఊవా బయటికి వచ్చినట్టు దస్తావేజు అయిపోయింది. నోటరీ కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇకమీదట ఆ గడప తొక్కకండి బూ. అలవాటు మీద కూడా వద్దు" అన్నాడు. ఊవాని 'బూ' అని, అమ్మగారూ అన్నంత మర్యాదగా పిలిచాడు.

తిరిగి వస్తుంటే ఊవా అలవాటు మీద కార్ఖానా సందులోకి తిరిగింది. సగం దూరం వెళ్ళి ఆగింది. లోపలి నుంచి ఎవరో పిలిచారు. చెయ్యి ఊపి వెనక్కి వచ్చేసింది.

మార్చి 10, ఆదివారం.

ఊవా బియ్యం రెండుసార్లు ఏరింది. వాటిలో రాళ్ళేమీ లేవు.

మార్చి 30, శనివారం. తెగల్.

ఊవా పేరు మీద లాయరు నోటీసు వచ్చింది. హాజీ మునాసిర్ తరఫున. కార్ఖానా బాకీ మొత్తానికి తర్సోనో గారితో సమానంగా ఆమె కూడా బాధ్యురాలట. ఆమె పేరుకే మౌన భాగస్వామి, నిజానికి కార్ఖానా నడిపిన మనిషి అట. బయటికి వచ్చేసినా ఇది ఆమె లోపల ఉన్నప్పటి అప్పు అట. ఇరవై, ఇరవై ఒకటి. కట్టకపోతే ఇంటిని జప్తు చెయ్యమని కోర్టుని అడుగుతారు.

ఆధారంగా ఉత్తరంలోంచి ఏదో ఒక వాక్యం ఎత్తి చూపించారు.

తర్సోనో గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన చేసిందే ఇది. 'దార్యుమి తప్పుకుంది, ఇకపై ఆమెకి ఈ గొడవలతో సంబంధం లేదు, చూడండి' అని ఊవా మంచికోసమేనని ఉత్తరాన్ని ఫోటో తీసి హాజీకి పంపారట.

"నాకేం తెలుసు? రాజీనామా కాగితమే కదా, చూపిస్తే నమ్ముతాడనుకున్నాను. నా నోట్లో మట్టి పడ!"

"నీ నోట్లో పడితే నా ఇంటికేం లాభం? కూర్చో, టీ తాగు" అంది ఊవా.

నోటీసు నన్ను చదవమంది. చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి, మిగతాదంతా ఒకటే చట్టం గోల అని చెప్పి మడిచేశాను.

ఏప్రిల్ 2, మంగళవారం. సెమరాంగ్.

తప్పు తర్సోనో గారిది.

ఏప్రిల్ 3.

ఎవరికో రాసిన ఉత్తరం ఇంకెవరికో ఎందుకు పంపాలి? తప్పు ఆయనదే.

ఏప్రిల్ 5.

ముఖ్యంగా ఆయనదే.

ఏప్రిల్ 9, మంగళవారం.

క్లాసు చివర చెయ్యెత్తాను. 'స్నేహితురాలి పెద్దమ్మ' అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఉత్తరంలోని వాక్యం ఎంత గుర్తుంటే అంతా చెప్పమంది రెత్నా మేడం. ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాను.

క్లాసంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవరో, "లోపల ఆడే ఊపిరి ఆమెది, జప్తయ్యే ఇల్లు కూడా ఆమెది" అన్నారు.

మేడం కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "రాసిన మహానుభావులెవరో గానీ భాష బాగుంది. ఎంపిక, బేరం, కూలి. మనం పరీక్షలో 'నిర్వహణ అంటే ఏమి' అని అడిగితే మీలో సగం మంది ఇంత చక్కగా రాయలేరు. అవతలి లాయరుకి పని లేకుండా చేశారు."

మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ ఆపేశాక కూడా కాసేపు నవ్వుతూనే ఉన్నాను.

క్లాసయ్యాక నన్ను ఆగమంది. "మీ స్నేహితురాలి పెద్దమ్మ బిల్లుల మీదా రసీదుల మీదా ఎక్కడైనా సంతకం పెట్టిందా?"

"లేదు మేడం. ఆమెకి సంతకం అంటేనే భయం."

"అయితే ఉన్న కాగితం ఆ ఉత్తరం ఒక్కటే. రాసిన మనిషి వచ్చి, అది అలంకారం కోసం రాసింది, ఆమె పనేమీ చెయ్యలేదు అంటే వాళ్ళ వాదన చాలా పలచబడుతుంది." పుస్తకాలు సర్దుకుంటూ నా మొహంలోకి చూసింది. "అది నిజమైతేనే సుమా."

ఏప్రిల్ 10.

ఫిబ్రవరి 17న రాయని మాట ఒకటుంది. ఆ వాక్యం పూర్తవగానే ఇరవయ్యో అధికరణ గుర్తొచ్చింది. ఎర్ర గీత కూడా కళ్ళ ముందు కనబడింది. నాకు తెలుసు. తెలిసీ, ఇది తర్సోనో గారికి రాసే ఉత్తరమే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను. 'బేరం ఆమెది' అన్న ముక్క తీసేస్తే వాక్యం కుంటుతుందని తీయలేదు.

కుంటుతుందని!

ఏప్రిల్ 27, శనివారం. తెగల్.

హాజీ మునాసిర్ కోర్టుకి వెళ్ళేముందు ఒకసారి తనే వచ్చి మాట్లాడతానన్నాడట. వచ్చే నెల మూడోవారంలో, కార్ఖానాలోనే. అప్పటికి ఉపవాసాలు నడుస్తూ ఉంటాయి.

ఊవా అంట్లు తోముతోంది. పక్కన కూర్చుని నా ఆలోచన చెప్పాను. నేను మాట్లాడతాను. నువ్వు ఏమీ మాట్లాడకు.

"ఉత్తరంలో ఉన్నది అబద్ధమని చెప్తావా?"

"అబద్ధమని కాదు ఊవా. అలంకారమని."

"అలంకారమంటే?"

"అంటే... అందం కోసం పెట్టేది. పెళ్ళికూతురికి పువ్వులు పెట్టినట్టు."

గిన్నె బోర్లించి నీళ్ళు కారనిచ్చింది. "పువ్వులు తీసేసినా పెళ్ళికూతురు ఉంటుంది కదా నోక్. నువ్వు ఆమెనే లేదంటానంటున్నావు."

"ఇల్లు నిలబడుతుంది ఊవా."

ఇంకో గిన్నె అందుకుంది. అది తోమడం అయ్యాక, "సరే" అంది.

సరే అన్నదంటే ఒప్పుకున్నట్టే. వంటింట్లోంచి లేచి వచ్చాక ఏం చెప్పాలో కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. సిగ్గులేకుండా, బాగా వస్తోంది.

మే 11.

ఉపవాసం ఆరో రోజు. ఊవా ఫోన్‌లో ఏం వండుకుని తిన్నావని అడిగింది. నేను ఆ ఉత్తరం నకలు ఇంకా బీరువాలో ఉందా, ఉంటే చింపెయ్యమన్నాను. సరేనంది.

మే 18, శనివారం. తెగల్.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పది గంటలకి వచ్చారు. హాజీ మునాసిర్, ఆయన లాయరు. ఉపవాసం కాబట్టి ఎవరికీ టీ ఇచ్చే పని లేదు. చేతుల్లో గ్లాసులు లేకపోతే మనుషులకి ఎక్కడ చూడాలో తెలియదు. చాపల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. తర్సోనో గారు ఒక పక్క, నేనూ ఊవా ఆనుకుని ఇంకో పక్క. పనిచేసే ఆడవాళ్ళు గుమ్మం దగ్గర ఈకలు కడుగుతున్నట్టు నటిస్తున్నారు. లాయరు ఫోన్ మధ్యలో పెట్టి, అందరి మాటలూ రికార్డు చేస్తానన్నాడు.

హాజీ లావుపాటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "ఎవరి ఇల్లూ తీసుకోవాలని నాకు సరదా లేదు. నాకూ బాతులు పెంచేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు డబ్బు కోసం నా గుమ్మంలో కూర్చుంటున్నారు" అన్నాడు.

నేను మొదలుపెట్టాను. ఆ ఉత్తరం నాది అన్నాను. ఊవా సంతకం మాత్రమే పెట్టింది, అది కూడా నా మీద నమ్మకంతో. నేను విద్యార్థిని, నాకు మాటలంటే పిచ్చి, లేనిది ఉన్నట్టు రాసేశాను. ఆమె ఇక్కడికి పొద్దుపోక వచ్చి కూర్చునేది. ఎంపికా లేదు, బేరమూ లేదు. ఒంటరి మనిషి, నలుగురు ఆడవాళ్ళ మధ్య కబుర్లకి వచ్చేది. నా గొంతు ఎక్కడా వణకలేదు. తయారుచేసుకున్నది అక్కడితో అయిపోయింది. లాయరు ఇంకా అనుమానంగానే చూస్తున్నాడని, తయారుచేసుకోనిది ఒకటి కలిపాను.

"అసలు ఏ ఈక ఏదో కూడా ఆమెకి తెలియదండీ."

గుమ్మం దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

హాజీ కాసేపు నన్ను చూశాడు. తర్వాత పక్కనున్న మూటలో చెయ్యి పెట్టి రెండు ఈకలు తీశాడు. ఊవా ముందు పట్టుకున్నాడు.

"ఇందులో ఏది ఎడమ బూ?"

'తెలియదు' అంటే చాలు. అదీ అనక్కర్లేదు, తల అడ్డంగా ఊపితే చాలు. లాయరు ఫోన్ వైపు కూడా చూడలేదు, అంత నమ్మేశాడు నన్ను.

ఊవా ఈకలు అందుకుంది. ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. వద్దు వద్దు అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. ఊవా నా వైపు ఒక్కసారి తిరిగి చూసింది. తర్వాత మళ్ళీ కళ్ళు మూసుకుని రెండూ దువ్వింది.

"ఇది ఎడమ. ఇది కుడి" అంది. "మూట మీద మాత్రం ఎడమ అనే రాసుంది. నీ మూటల్లో పదికి రెండు ఇలాగే కలుస్తున్నాయి హాజీ. పోయినేడు ఇదే మాట ఫోన్ చేసి చెప్పాను."

హాజీ నోరు తెరిచాడు. "ఆ ఫోన్ నువ్వా? ఇక్కడి నుంచి ఫోన్ చేసి నన్ను తిట్టిన ఆడమనిషి నువ్వా?"

"తిట్టలేదు. చెప్పాను."

"తిట్టావమ్మా! 'నీ బాతులకి తెలుసు కుడీ ఎడమా, నీకే తెలియదు' అన్నావు. ఆ తర్వాత మూడు రోజులు నాకు అన్నం సయించలేదు."

"అలా అన్నానా?"

"అన్నావు యూ" అన్నారు తర్సోనో గారు, తల వంచుకుని. "నేను పక్కనే ఉన్నాను."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. హాజీ పొట్ట కదిలేలా నవ్వాడు. ఊవా మాత్రం నవ్వలేదు. లాయరు వైపు తిరిగి, ఫోన్‌ని కాస్త దగ్గరికి జరుపుకుని మాట్లాడింది.

"రాసుకో బాబూ. పదకొండేళ్ళు ఇక్కడ ఈకలు ఏరింది నేనే. బేరం ఆడింది నేనే. ఇక్కడ పనిచేసే చర్యాతికి పురుడొస్తే రెండు నెలలు కూర్చోబెట్టి కూలి ఇవ్వమన్నది నేనే. ఈ పిల్ల ఉత్తరంలో రాసింది ఒక్క ముక్క అబద్ధం కాదు. ఇవాళ చెప్పిందే అబద్ధం. నా కోసమే చెప్పింది, దాన్ని ఏమీ అనకండి."

తర్వాత గంటసేపు మాట్లాడుకున్నారు. హాజీ కోర్టుకి వెళ్ళడు. మూడేళ్ళు గడువు ఇస్తాడు. ఇంటి పట్టా అప్పటిదాకా నోటరీ దగ్గర ఉండాలి. ఒక్క వాయిదా తప్పినా ఇల్లు ఆయనది. ఇంకొకటి, ఊవా మళ్ళీ సంస్థలో చేరాలి, ఈసారి మౌన భాగస్వామిగా కాదు.

"ఈ మనిషి లేని కార్ఖానాకి నేను గడువివ్వను" అన్నాడు.

దారిలో ఊవా, ఎండగా ఉందని, నా తల మీద తన తువ్వాలు కప్పింది.

మే 19, ఆదివారం.

ఊవా మామూలుగానే మాట్లాడుతోంది. అదే భరించలేకపోతున్నాను.

మే 22. సెమరాంగ్.

వాణిజ్య చట్టం పరీక్ష. మౌన భాగస్వామి గురించే వచ్చింది. తెల్లకాగితం ఇచ్చేద్దామనుకున్నాను. ఇవ్వలేదు. అంతా రాశాను, మార్కులు వస్తాయి.

మే 25, శనివారం. తెగల్.

మళ్ళీ నోటరీ ఆఫీసు. మనిషి అదే, కళ్ళజోడు అదే. "మూడు నెలల్లో ఒకే గడప బయటికి, మళ్ళీ లోపలికి. నాకు మంచి గిరాకీ బూ మీరు" అన్నాడు.

దస్తావేజులో ఊవా పేరు తర్సోనో గారి పేరు పక్కన, అదే వరసలో వచ్చింది. కింద 'నిర్వహణ భాగస్వామి' అని ఉంది. ఆ రెండు మాటల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది. పట్టా కవరులో పెట్టి ఇచ్చేసేటప్పుడు మాత్రం కవరు ఒక్క క్షణం వదల్లేదు. నోటరీ మెల్లగా లాక్కోవాల్సి వచ్చింది.

నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

మే 26, ఆదివారం.

సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాను. వెళ్ళేలోగా ఇది రాయాలి. మే 18న జరిగింది జరిగినట్టు రాస్తానన్నాను. రాయలేదు.

హాజీ ఈకలు ఇచ్చినప్పుడు, ఊవా కళ్ళు మూసుకున్నప్పుడు నేను ఊరికే లోపల అనుకుంటూ కూర్చోలేదు. ఆమె చెయ్యి నా పక్కనే, తువ్వాలు కింద ఉంది. మోచేతి కింద మెత్తటి చోట గిల్లాను. మెల్లగా కాదు. నోరు మూసుకోమని గిల్లాను. అప్పుడే ఆమె నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నేనెవరో పోల్చుకోలేనట్టు చూసింది. నేను వదల్లేదు. 'ఇది ఎడమ' అనే దాకా గోళ్ళు దింపే ఉంచాను.

ఇవాళ పొద్దున ఆమెతో పాటు కార్ఖానాకి వెళ్ళాను. వద్దనలేదు. ఒక బుట్ట నా ముందుకి తోసింది. గంటసేపు ఈకలు దువ్వాను. నా వేళ్ళకి ఏది ఎటు రెక్కదో ఒక్కటీ అందలేదు. నేను ఎడమ బుట్టలో వేసినవి ఊవా తీసి కుడి బుట్టలో వేస్తూ వచ్చింది.

మధ్యాహ్నం నమాజుకి ముందు అందరూ కుళాయి దగ్గర చేరారు. ఊవా చేతులు కడుక్కోవడానికి జాకెట్టు చేతులు పైకి మడిచింది. ఎనిమిది రోజులైంది. ఇంకా ఉంది. మధ్యలో ఆకుపచ్చగా, చుట్టూ పసుపురంగులో కమిలి ఉంది.

చర్యాతి చూసింది. "అయ్యో, చేతికేమైంది యూ?"

"బుట్ట అంచు గీసుకుంది."

"అంచు గీసుకుంటే ఇలా అవుతుందా? నాలుగు గోళ్ళ గుర్తులున్నాయి! బుట్టలకి గోళ్ళు మొలుస్తున్నాయా ఏంటి మన దగ్గర?"

అందరూ నవ్వారు. ఊవా కూడా నవ్వింది. "కొత్త బుట్టలే. అలాగే ఉంటాయి, పోను పోను మెత్తబడతాయి" అని నీళ్ళు పోసుకుంది.

నా వైపు ఎవరూ చూడలేదు. చూడకముందే నేను రెండు చేతులూ ఈకల కుప్పలోకి మణికట్ల దాకా దూర్చేశాను.